అరకేజీ ధైర్యం

పోయిన కార్తీకంలో పన్నెండు రోజులపాటు నా హ్యాండ్‌బ్యాగులో ఒక అరకేజీ తూకంరాయి పెట్టుకుని తిరిగాను. నాయన చింతపండు మండీ మూసేసినప్పుడు ఇంటికి చేరిన ఇనుపరాళ్లలో అదొకటి. రోజూ రైల్లో హిందూపురం నుంచి ధర్మవరం, మళ్లీ ధర్మవరం నుంచి హిందూపురం. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. అరకేజీ బరువుండే రివాల్వర్‌ని ఒక ఆడది రోజూ వెంట పెట్టుకుని బతకగలదా అని తెలుసుకోవడానికి నాకు తోచిన పద్ధతి అది.

నేను ధర్మవరంలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. సాయంత్రం రైలు ఆలస్యమైతే హిందూపురంలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. అప్పటికి మూడు నెలలుగా ఒక మనిషి నా వెనకే దిగుతున్నాడు. ముట్టుకోలేదు, మాట్లాడలేదు. పదడుగుల దూరంలో నడిచొచ్చి మా వీధి మలుపులో ఆగిపోయేవాడు. ఒక పోలీస్‌స్టేషన్‌కి పోయి చెబితే "ఏమన్నా చేసినాడా మేడమ్?" అని అడిగారు. ఏమీ చెయ్యలేదన్నాను. "అయితే మీరు వచ్చే టైము మార్చుకోండి" అన్నారు. రైలు టైము మార్చడం నా చేతిలో ఎక్కడుంది?

పెనుకొండలో మా చెల్లెలింటికి పోయినప్పుడు ఈ సంగతి చెప్పాను. మా మరిది కాంట్రాక్టు పనులు చేస్తాడు. చాలా ఏళ్లుగా లైసెన్సున్న రివాల్వర్ ఉంది. "నువ్వు భయపడేదేంది వదినా? చిన్న రివాల్వర్ ఒకటి తీసుకో. బ్యాగులో పడుంటాది. లైసెన్సు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాటకి సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, హాయిగా కూడా అనిపించింది. సీమ కథల్లో స్త్రీల మీద పరిశోధన చేసి, ఆయుధానికీ మగతనానికీ ఉన్న చుట్టరికం గురించి సెమినార్లలో మాట్లాడి వచ్చిన నేను, ఆ రాత్రి ఫోన్లో రివాల్వర్ల బొమ్మలు చూస్తూ పన్నెండింటి దాకా మేలుకున్నాను.

ఆడవాళ్ల కోసమని ప్రత్యేకంగా చేసిన రివాల్వర్ మన దేశంలోనే ఉందని అప్పుడే వివరంగా చదివాను. పేరు 'నిర్భీక్'. కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 2014 జనవరిలో విడుదల చేసింది. ఢిల్లీ బస్సులో 2012 డిసెంబర్ 16న జరిగిన ఘోరానికి అప్పటికి ఏడాది దాటింది. ఆ అమ్మాయి పేరు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు కనక పత్రికలు 'నిర్భయ' అన్నాయి. అదే అర్థమొచ్చే మాటను తుపాకీకి పెట్టారు. .32 బోర్, ఆరు తూటాలు, టైటానియం కలిసిన లోహం, బరువు 500 గ్రాములు. విడుదలైనప్పుడు ధర 1,22,360 రూపాయలు, నా నాలుగు నెలల జీతం కంటే ఎక్కువ. నగలపెట్టె లాంటి ముదురెరుపు పెట్టెలో పెట్టి ఇచ్చేవారట. నేను ఆ పెట్టె దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1989లోనే 'లేడీస్మిత్' పేరుతో ఆడవాళ్లకని రివాల్వర్లు అమ్మింది. ఎక్కడైనా ఇదే వరస. ముందు ఆడదాని భయాన్ని గుర్తిస్తారు. తర్వాత దాన్ని ఆమెకి నచ్చుతుందనుకున్న రంగులో చుట్టి ఆమెకే అమ్ముతారు. భయపెట్టినవాడి జోలికి మాత్రం ఎవరూ పోరు.

మరిది ఫోన్లో పాఠం చెప్పాడు. పిస్టల్ కంటే రివాల్వరే మేలట. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా ముందుకొస్తుంది. గొట్టం పొట్టిగా ఉంటే దాచుకోవడానికి వీలు, కానీ గురి కుదరడం కష్టం. బరువు తక్కువైతే మోయడానికి సుఖం, కానీ పేల్చినప్పుడు చేతిని అంత గట్టిగా వెనక్కి తంతుంది. వెనక సుత్తి బయటికి పొడుచుకుని ఉంటే తీసేటప్పుడు బట్టలకి తగులుకుంటుంది. ఇంకా తేలికది కావాలంటే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్ల 'నిడర్' ఉంది, .22 బోర్, దాదాపు పావుకేజీ. బరువైనా ఫరవాలేదంటే 'ప్రబల్'. పాత ఆయుధ కర్మాగారాల బోర్డు 2021లో రద్దయి ఏడు కంపెనీలుగా విడిపోయాక కాన్పూరు కంపెనీ 2023 ఆగస్టులో తెచ్చిన రివాల్వర్ అది, 700 గ్రాములు. ఆయన ఇష్టంగా చెబుతుంటే నేను నోట్సు రాసుకున్నాను. ఏది తీసుకున్నా ఒక సౌకర్యానికి బదులు ఇంకొకటి వదులుకోవాలి. నేను అరకేజీ దగ్గర ఆగాను. అప్పుడే నాయన తూకంరాయి గుర్తొచ్చింది.

మొదటిరోజు భుజం లాగింది. మూడోరోజుకి అలవాటైపోయింది. ఆ అలవాటే నన్ను మొదట భయపెట్టింది. బ్యాగు స్టాఫ్‌రూమ్‌లో కుర్చీకి తగిలించి క్లాసుకి పోయాను. పాఠం మధ్యలో గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. అది రాయే, తుపాకీ అయ్యుంటే? ఇంటికొచ్చాక మా అన్న కొడుకు చాక్లెట్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టి "అత్తా, రాయెందుకు?" అన్నాడు. వాడికి ఆరేళ్లు.

2016 ఆయుధ నియమాల ప్రకారం చేతితుపాకీని నలుగురిలోకి తీసుకుపోతే ఒరలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. చదవడానికి ఇది అందరికీ ఒకే నియమం. కానీ మరిది ప్యాంటుకి బెల్టుంది, పైన చొక్కా వదిలేస్తే చాలు. నా చీరకి జేబు లేదు, చుడీదార్‌కి లేదు. నాకున్నది బ్యాగు. బ్యాగు కప్పుతుంది కానీ అదుపులో ఉండదు. రైల్లో నిలబడాల్సి వస్తే మన దగ్గర ఏం చేస్తాం? కూచున్న ఆమె ఒళ్లో బ్యాగు పెడతాం. ముక్కూ మొహం తెలియకపోయినా ఆమె పట్టుకుంటుంది. బాత్రూముకి పోతూ "కొంచెం చూస్తుండమ్మా" అని పక్కనున్న పిల్లకి అప్పజెబుతాం. పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ దారిలో ఉద్యోగాలకి పోయే ఆడపిల్లలు పెరిగారు. వాళ్ల టిఫిన్ క్యారియర్లు నా ఒళ్లో, నా పుస్తకాలు వాళ్ల ఒళ్లో. ఆ పన్నెండు రోజులూ నేను బ్యాగు ఎవరికీ ఇవ్వలేదు. ఏడోరోజు ఒకమ్మాయి అలవాటుగా చెయ్యి చాపితే "వద్దులే" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. తుపాకీ కొనకముందే నేను పోగొట్టుకున్నది ఇదన్నమాట.

దాచుకుని తిరగడం మనకి కొత్తేమీ కాదు. మా అవ్వ రొండిన దోపుకున్న వక్కాకు సంచిలో అడకత్తెర ఉండేది. వక్కలకే కాదు, సంతకి ఒంటరిగా పోయేటప్పుడు ధైర్యానికి కూడా. మా అమ్మ పిన్నీసుతో బస్సెక్కేది. నా విద్యార్థినులు మిరియాల స్ప్రే పెట్టుకుంటున్నారు. ఇవన్నీ అవతలివాడు దూరం జరగడానికి. వాడి ప్రాణం తీయడానికి కాదు. తుపాకీ వచ్చేసరికి లెక్క మారుతుంది.

అది తెలిసింది ఎనిమిదో రాత్రి. ఆ మనిషి మళ్లీ వెనకే వస్తున్నాడు. నడుస్తూనే బ్యాగు జిప్పు లాగి చెయ్యి పెట్టాను. గొడుగు, తాళాలు, టిఫిన్ డబ్బా, దిద్దాల్సిన పేపర్లు. వాటన్నిటి కింద రాయి. అది చేతికందేసరికి వీధిదీపాలు రెండు దాటాను. సరే, అందింది. ఇప్పుడేం చెయ్యాలి? ఆత్మరక్షణ కోసం అవతలి మనిషిని చంపే దాకా వెళ్లే హక్కు చట్టం ఇచ్చింది. అత్యాచారానికి పాల్పడుతున్నా, ఎత్తుకుపోవాలని దాడి చేసినా ఆ హక్కుంది. 2013 నుంచి యాసిడ్ దాడికీ వర్తిస్తోంది. పాత శిక్షాస్మృతిలో 100వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 38వ సెక్షన్. కానీ వాడు చేస్తున్నది నడవడం. నడిచే మనిషిని కాల్చే హక్కు నాకు లేదు, ఉండకూడదు కూడా. వాడు మీదికొచ్చాక హక్కొస్తుంది, అప్పటికి నా చెయ్యి గొడుగు కింద ఉంటుంది. నా మూడు నెలల భయానికీ ఆ ఆరు తూటాలకీ మధ్య ఎక్కడా పొత్తు కుదరలేదు.

అయినా ఆశ చావలేదు. దరఖాస్తు నింపుదామనే ఆదివారం మళ్లీ పెనుకొండ పోయాను. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక మా దరఖాస్తులు అనంతపురానికి కాదు, పుట్టపర్తికి పోవాలి. ఆయుధం ఎందుకు అవసరమో చెప్పాలి, పోలీసు విచారణ జరగాలి, తుపాకీ జాగ్రత్తగా వాడే శిక్షణ తీసుకుని ఉండాలి. మరిది ఒక్కొక్కటే వివరిస్తూ లోపలికి పోయి తన రివాల్వర్ తెచ్చాడు. తూటాలు తీసేసి "పట్టుకో వదినా" అన్నాడు. చల్లగా ఉంది. నా రాయి కంటే బరువు. పట్టుకోగానే వెన్ను నిటారుగా అయింది, ఆ సంగతి దాచను. అప్పుడే చెల్లెలు కాఫీ తెచ్చింది. గడప దగ్గరే నిలబడిపోయింది. టీపాయ్ మీద తూటాలున్నాయి. అవి తీసేదాకా ఆమె గడప దాటి లోపలికి రాలేదు.

రాత్రి మిద్దె మీద పడుకున్నాం. ఎదురుగా చీకట్లో పెనుకొండ కొండ. చాలాసేపటికి "అక్కా, నువ్వు నిజంగా తీసుకుంటాండావా?" అంది. ఏమో అన్నాను.

"అది ఇంట్లో ఉంటే ఎట్లుంటాదో ఆయప్పని కాదు, నన్నడుగు."

అడిగాను. కొట్టడు, తిట్టడు అంది. ఎప్పుడన్నా డబ్బుల మాటో, అమ్మగారింటికి పోయే మాటో వచ్చి ఆమె ఎదురు చెబితే, నడుము దగ్గర్నుంచి రివాల్వర్ తీసి టీపాయ్ మీద పెడతాడట. గుచ్చుకుంటోందని. మళ్లీ నెమ్మదిగానే మాట్లాడతాడట. "అంతేక్కా. ఒక్కనాడూ నా మీదికి ఎత్తలేదు. దాన్ని ఆడ పెట్టినాక నాకు మాట రాదు. ఆ రాత్రి ఏమడిగినా వద్దనేకి రాదు."

ఈ పెళ్లికి పదకొండేళ్లు. ఏటా సంక్రాంతికి నేను ఆ ఇంట్లో ఆ టీపాయ్ మీద కాఫీ గ్లాసు పెట్టి కబుర్లు చెప్పాను.

"లైసెన్సప్పుడు పోలీసాయన విచారణకొచ్చినాడు. పక్కింటోళ్లను అడిగినాడు, ఎదురింటోళ్లను అడిగినాడు. నేను కాఫీ ఇచ్చినా. నన్నేమీ అడగలే" అంది. కాసేపాగి నవ్వింది. "ఎలక్షన్లొస్తే నాకు పండగక్కా."

ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు. 2024లో మార్చి 16న కోడ్ మొదలైంది, జూన్ 4న ఓట్లు లెక్కపెట్టారు. ఆ వేసవంతా టీపాయ్ మీద ఏమీ లేదు. ఆ రోజుల్లోనే బీఎడ్‌కి దరఖాస్తు పెడతానని మొగుడితో గట్టిగా చెప్పిందట. తుపాకీ తిరిగొచ్చాక ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. నా పరిశోధన అంతా తప్పుదారిన నడిచిందేమో అనిపించింది. 'సమరసింహారెడ్డి' 1999లో వచ్చాక సినిమాలు సీమని ఎట్లా చూపించాయో విమర్శించాను. ఫ్యాక్షన్ కథల్లో విధవల గురించి ఒక అధ్యాయం రాశాను. ఈ పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యాడు. ఆ ఏడాది ఉపఎన్నికలో ఆయన భార్య సునీత గెలిచారు. ఆ హత్యకేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరిని 2011 జనవరి 3న హైదరాబాదులో తన కారులోనే కాల్చి చంపారు. అందుకు 2018లో యావజ్జీవ శిక్ష పడింది అతని అనుచరుడికే. తుపాకీ ఎంతున్నా చావు పక్కసీటు నుంచే రావచ్చని ఇక్కడ అందరికీ తెలుసు. కానీ నేను రాసిందంతా తుపాకులు పేలిన రోజుల గురించే. పేలని రోజుల్లో అవి ఇళ్లల్లో ఏం చేస్తుంటాయని ఏ స్త్రీనీ అడగలేదు. నా చెల్లెల్ని కూడా.

మన ఆత్మరక్షణ ఆలోచనలో శత్రువు ఎప్పుడూ చీకటి సందులో ఉంటాడు. జాతీయ నేర గణాంకాలు ఏటా ఇంకో మాట చెబుతాయి. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు ఆమెకి తెలిసినవాళ్లే. స్త్రీల మీద నేరాల్లో పెద్ద వాటా భర్త, అతని బంధువులు పెట్టే హింసది. 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం అమెరికాలో జరిపిన పరిశీలనలో, తుపాకీ ఉన్న ఇళ్లలో ఇంట్లోనే హత్యకు గురయ్యే ప్రమాదం దాదాపు 2.7 రెట్లు కనబడింది. అది చాలావరకు కుటుంబసభ్యుల, దగ్గరివాళ్ల చేతుల్లోనే.

మరి చట్టం చెల్లెలికి ఏమిస్తుంది? ఆత్మరక్షణ హక్కు అత్యాచారాన్ని అడ్డుకోవడానికి ఉంది, కానీ పద్ధెనిమిదేళ్లు నిండిన భార్యని భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కాదని కొత్త సంహితలోనూ రాసుకున్నారు. 2005 గృహహింస చట్టానికి 2006లో చేసిన నియమాల్లో, హింసకు 'వాడారని' ఆరోపణ ఉన్న ఆయుధాన్ని మేజిస్ట్రేటు చెబితే పోలీసుల సాయంతో స్వాధీనం చేసుకునే పని రక్షణాధికారికి ఉంది. టీపాయ్ మీద పెట్టడం వాడడమేనా? నా లెక్కలో అంతకన్నా బాగా వాడడం ఇంకోటి లేదు. తూటా ఖర్చు లేదు, శబ్దం లేదు, సాక్ష్యం లేదు.

కెనడాలో తుపాకీ లైసెన్సు దరఖాస్తులో ఇప్పటి భాగస్వామీ, గత రెండేళ్లలో విడిపోయిన భాగస్వామీ సంతకం చేసే చోటుంది. సంతకం లేకపోతే అధికారులు ఆ మనిషికి విషయం తెలియజేస్తారు. ఇదేమీ విప్లవం కాదు, ఒక గడి. మన దరఖాస్తులో ఆ గడి లేదు. మన రాజ్యానికి తుపాకీని వెనక్కి తీసుకోవడం చేతకాదని కాదు. ఓట్లు ప్రశాంతంగా పడాలంటే పెనుకొండలో, ధర్మవరంలో, హిందూపురంలో నెలల తరబడి తుపాకులు స్టేషన్లో పెట్టించగలదు. ఇంట్లో ఒక ఆడది తన మాట చెప్పుకోవాలన్నది మాత్రం దాని లెక్కలో శాంతిభద్రతల సమస్య కాదు.

నేను దరఖాస్తు పెట్టలేదు. తుపాకీ పట్టిన స్త్రీలందరూ తప్పు చేశారని అనడం లేదు. చరిత్రలో వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. చిన్న రివాల్వర్ ఏది మంచిదని వెతుకుతూ నేను తప్పు ప్రశ్న వేసుకున్నానని మాత్రమే చెబుతున్నాను.

వెంటపడ్డ మనిషి సంగతి చెప్పాలి కదా. పదమూడో రోజు బ్యాగులో రాయి లేదు. ఏడోరోజు చెయ్యి చాపిన ఆ అమ్మాయికి ముందు క్షమాపణ చెప్పి, తర్వాత అంతా చెప్పాను. ఆమె ఇంకో ఇద్దరికి చెప్పింది. నలుగురం కలిసి దిగడం మొదలుపెట్టాం. రెండో రాత్రి ఒకామె వెనక్కి తిరిగి "యాడికన్నా పోవల్ల? దారి చెప్పల్లనా?" అని గట్టిగా అడిగింది. ఇప్పుడతను కనబడటం లేదు. ఇంకో స్టేషన్లో ఇంకెవరి వెనకో దిగుతున్నాడేమో. అందుకే దీన్ని గెలుపని రాయలేను.

చెల్లెలు ఒక పని అప్పజెప్పింది. "అంత చదువు చదివినావు కదా, నాకో అర్జీ రాసిపెట్టు" అంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. మరిది లైసెన్సు వచ్చే ఏడాది రెన్యూవల్‌కి వస్తుంది. ఈసారి విచారణకి వచ్చినవాళ్లు తనని కూడా, విడిగా, కూచోబెట్టి అడగాలని అర్జీ. సగం పేజీ. థీసిస్ రాయడం కన్నా కష్టమైంది. ఆమె దాన్ని పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర మడతల్లో పెట్టుకుంది. ఇంకా సంతకం చెయ్యలేదు. నేను అడగడం లేదు. సంతకం చేశాక ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమె. నా ఇంట్లో ఆమెకో గది ఉందని మాత్రం చెప్పి ఉంచాను.

ఈ వ్యాసం ఆమె ఒప్పుకున్నాకే పంపుతున్నాను. మరిది వృత్తి, ఇంకొన్ని గుర్తులు మార్చాను. అయినా చదివితే తెలిసిపోతుందేమోనే అన్నాను.

"చదవనీలేక్కా" అంది. "నేను చెప్తాంటే ఎప్పుడూ మధ్యలో దాన్ని తీసి పెట్టేవాడు. ఇదన్నా కడదాకా ఇంటాడు."